మనది ఏ ఊరు?



స్వదేశము, జన్మభూమి, మాతృభూమి. ఇవి గ్రంథములలోని మాటలు, సభావేదికల మాటలు. గౌరవించదగిన మాటలే. అయినను బస్సులో పక్కన కూర్చున్నవారిని మనలో ఎవ్వరమూ “అయ్యా, తమ జన్మభూమి ఏది?” అని అడగము. “మీదే ఊరు?” అంటాము. “మీరు ఎటు దిక్కు?” అంటాము. వారును “మాది ధర్మపురి దిక్కు” అనో, “మంథని కాడ ఒక పల్లె” అనో, “మా తల్లిగారిది చెన్నూరు” అనో చెప్తారు. ఊరు, దిక్కు, కాడ, తల్లిగారిల్లు, ఇంటికాడ, పుట్టిన గడ్డ, బొడ్డు కోసిన చోటు. మనిషి తన నేలను పిలుచుకొనే పేర్లు ఇవి. అమ్మను “మాతా” అని పిలువము కదా, “అమ్మా” అనే పిలుస్తాము. ఇవియును అటువంటివే.

శాస్త్రము చెప్పవలసిన వేదిక మీద ఈ వీధి మాటల విచారణ ఎందుకని కొందరు అనుకొనవచ్చును. ఈ బొగ్గుగనుల ప్రాంతములో “మీదే ఊరు?” అన్న ప్రశ్న కొందరికి తేలికగా జవాబు చెప్పగల ప్రశ్న కాదు. అందువలన ఈనాటి ప్రసంగమునకు దీనిని ఎన్నుకొన్నాము.

ముందుగా “దేశము” అన్న మాటను చూద్దాము. దీనికి మూలమైన సంస్కృత ధాతువునకు చూపుట అని అర్థము. వేలు పెట్టి చూపగల చోటు దేశము. మన పూర్వులకు అది పటములో రంగు వేసిన భాగము కాదు. శాసనములలో ఈ కరీంనగరము ప్రాంతమునకు సబ్బినాడు అని పేరు. వేంగినాడు, వెలనాడు, పాకనాడు, పలనాడు, ఇట్లు ఎన్నో నాడులు. ఆ “నాడు” నుండియే “నాటు” వచ్చినది. నాటుకోడి, నాటువైద్యము అని మనము కొంచెము చులకనగా అనే మాటకు అసలు అర్థము “మన నేలది” అని. నిజాము కాలములో దేశముఖులు, దేశపాండ్యులు ఉండేవారు. వారి పేరులోని దేశము కొన్ని గ్రామముల పరగణా మాత్రమే. “దేశముగాని దేశము పోయినాడు” అని మన అవ్వలు కన్నీరు పెట్టుకొన్నది ఒక్కొక్కప్పుడు పక్క జిల్లాకు పోయిన కొడుకు కొరకే.

ఉత్తరాది నుండి వచ్చి పనిచేసే సోదరులు సెలవు దొరికితే “ములుక్ పోతున్నాము” అంటారు. ముల్క్ అంటే రాజ్యము అని అర్థము. వారు పోయేది మాత్రము గోరఖ్‌పూరు దగ్గరి నాలుగు వీధుల పల్లెకు. అదే మాట నుండి మన ప్రాంతములో “ముల్కీ” పుట్టినది. హైదరాబాదు రాజ్యములో 1919 నాటి ముల్కీ నిబంధనలు స్థానికుడెవరో నిర్ణయించినవి. బయటినుండి వచ్చినవాడు ముల్కీ కావాలంటే పదిహేను సంవత్సరములు ఇక్కడ స్థిరముగా నివసించవలెను. అంతేగాక, తిరిగి తన పూర్వస్థలమునకు పోవు తలంపు మానుకొన్నానని ప్రమాణపత్రము కూడ ఇవ్వవలెను. ఆ నిబంధనల కొరకు 1952లోను, 1969లోను ఎంత ఆవేదన చెలరేగినదో ఇక్కడి పెద్దలకు తెలుసును. 1972లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించినది. స్థానికులకు న్యాయము కావాలన్నది ధర్మబద్ధమైన కోరికయే. దాని మంచిచెడ్డల చర్చ ఈ వేదికకు సంబంధించినది కాదు. కాని ఆ ప్రమాణపత్రము సంగతి మాత్రము గుర్తుంచుకొనండి. ఇంటికి పోవాలన్న తలంపు మానుకొన్నానని మనిషి చేత వ్రాయించుకొనవచ్చును. మనసు చేత వ్రాయించుకొనుట ఎవరి తరము?

ఒక విచిత్రము చెప్తాము. మన దేశమును ఏలిన ఆంగ్ల సిపాయిలు తమ ఇంగ్లండును ముద్దుగా “బ్లైటీ” అని పిలుచుకొనేవారు. ఆ మాట వారిది కాదు, మనది! విలాయతీ అన్న మాట వారి నోటిలో అట్లు మారినది. మనవారు “పరదేశపుది” అన్న అర్థములో వాడిన మాటను వారు తమ సొంత ఊరికి పేరుగా పెట్టుకొన్నారు. 1914లో మొదలైన మహాయుద్ధములో, కందకములలో పడి ఉన్న సైనికుడు ప్రాణము తీయని గాయము తగిలితే సంతోషించేవాడట. అటువంటి గాయమునకు కూడ బ్లైటీ అనియే పేరు. అది తగిలితే ఇంటికి పంపుతారు గనుక. ఒకరికి పరదేశమైనది ఇంకొకరికి అమ్మ ఒడి. ఇంతకన్న దీనికి వేరే దృష్టాంతము అక్కరలేదు.

మన ప్రాంతపు బిడ్డలు గల్ఫు దేశములకు పోయి దశాబ్దములైనది. ఆ బిడ్డ ఖనిలో ఉన్నంత కాలము “మాది ఫలానా పల్లె” అంటాడు. హైదరాబాదుకు పోతే “మాది కరీంనగర్ దిక్కు” అంటాడు. బొంబాయిలో దిగితే తెలుగువాడినంటాడు. దుబాయికి పోతే “ఇండియా” అంటాడు. అక్కడి నుండి ఫోనులో “ఇంటికాడ అందరు మంచిగున్నరా?” అని అడిగినప్పుడు, ఆ ఇంటికాడ అన్న మాటలో తల్లి, ఊరి చెరువు, భారతదేశము అన్నియు కలిసే ఉన్నవి. దూరము పెరిగిన కొద్దీ ఇల్లు పెద్దదగుచున్నది. బర్మాకు, మారిషస్‌కు పోయిన తెలుగువారిని అక్కడివారు కొరంగీలు అన్నారు. వారు ఓడ ఎక్కిన రేవు కోరింగ. పుట్టిన ఊరు ఏదైనను, చివరిసారి చూసిన ఒడ్డే వారికి ఊరిపేరు అయినది.

ఇప్పుడు మన ఖని సంగతి. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతములో బొగ్గును కనుగొన్నది 1871లో. అక్కడి సింగరేణి గ్రామము పేరు మీద 1920లో సంస్థకు పేరు వచ్చినది. ఆ గ్రామము ఖమ్మము జిల్లాలో ఉన్నది. ఇక్కడ తాత, తండ్రి, కొడుకు మూడు తరములుగా “మేము సింగరేణివాళ్ళము” అని చెప్పుకొనే కుటుంబములు ఎన్నో ఉన్నవి. వారిలో సింగరేణి గ్రామమును కన్నులారా చూసినవారు ఎందరు? ఇది మన తెలుగువారి ఇంటిపేర్ల వంటిదే. వేములవాడ, ధర్మపురి, మంథని అని ఇంటిపేర్లు ఉంటవి. ఏ తరములోనో ఆ ఊరు విడిచి వచ్చినారు. ఊరు పోయినది, పేరు వెంట వచ్చినది. సంస్థకు కూడ సింగరేణి అన్నది ఇంటిపేరు.

ఈ రామగుండము ప్రాంతములో గనులు తెరిచిన నాటినుండి చుట్టుపక్కల పల్లెలనుండి, వరంగల్లు, ఖమ్మము జిల్లాలనుండి, కోస్తా జిల్లాలనుండి, ఉత్తరాదినుండి జనము వచ్చినారు. బొగ్గుగనిని మన ప్రజలు గని అనలేదు, “బాయి” అన్నారు. తమ ఊరిలో మోట కొట్టిన బావి పేరునే ఈ చీకటి గుహకు పెట్టుకొన్నారు. “బాయిల దిగిండు” అంటే బొగ్గుగనిలో దిగినాడని. తెలియని చోటికి తెలిసిన పేరు పెట్టుకొంటేగాని అడుగు లోపలికి పడదు. తరువాత పుట్టిన పిల్లలకు ఆ చోటే ఊరు అయినది. “మాది యైటింక్లయిన్ కాలనీ” అని ఒక బాలుడు ఎంతో సంతోషముగా చెప్తాడు. ఆ పేరులో దేవుడు లేడు, చెట్టు లేదు, పూర్వపు రాజు లేడు. ఒక గనికి కంపెనీ వేసిన అంకె ఉన్నది. అయినను ఆ అంకె విని ఆ బాలుని కన్నులు మెరుస్తవి.

ఈ ప్రాంతములో ప్రవచనములకు వచ్చినప్పుడు పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన మమ్ములను ఇట్లు అడిగినాడు. “అయ్యగారూ, నేను పుట్టిన ఊరికి పోతే ‘బొగ్గుబాయోడు వచ్చిండు’ అంటరు. ఇక్కడ ఉంటే ‘నీది ఏ ఊరే’ అంటరు. క్వార్టరు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. నా ఊరు ఏదని చెప్పాలె?” ఆయన పక్కనే భార్య నిలుచున్నది. ఆమె ఏమియు అనలేదు.

దేహమే అద్దె కొంప, ఖాళీ చేయక తప్పదు అనే వేదాంతము ఇక్కడ వెంటనే చెప్పవచ్చును. వినుటకు ఇంపుగా కూడ ఉంటుంది. కాని ముప్పది ఏండ్లు తులసికోటకు నీళ్ళు పోసిన వాకిలిని విడిచిపోవు ఇల్లాలికి ఆ మాట చెప్పుట మర్యాద కాదని మా అభిప్రాయము. శ్రీరామచంద్రుడు కూడ అట్లు చెప్పలేదు. ఆయన ఏమి చేసినాడో చూద్దాము.

ఊరి ప్రస్తావన రాగానే, జనని, జన్మభూమి స్వర్గముకన్న గొప్పవని చెప్పు శ్లోకము అందరి నోటను వస్తుంది. మంచి శ్లోకమే. కాని అది వాల్మీకి రామాయణపు ప్రతులన్నిటిలోను కనిపించదు. లేకున్నను లోటు లేదు, ఉన్న ఘట్టములే చాలును.

అయోధ్యాకాండలో రథము కోసలదేశపు ఎల్ల దాటుచున్నది. రాముడు సుమంత్రునితో, మరల ఎప్పుడు వచ్చి తలిదండ్రులను కలుసుకొని సరయూనది ఒడ్డున పూచిన వనములలో వేటకు తిరుగుదునో కదా అన్నాడు. రాజ్యము మాట లేదు, కిరీటము మాట లేదు. ఏటి ఒడ్డు, పూలచెట్లు గుర్తుకు వచ్చినవి. పిమ్మట అయోధ్య వైపు తిరిగి నిలుచుండి, చేతులు జోడించి, ఆ నగరము వద్దను, దానిని కాపాడు దేవతల వద్దను సెలవు తీసుకొన్నాడు. వనవాసమునకు చిరునవ్వుతో బయలుదేరిన స్థితప్రజ్ఞుడు ఊరి పొలిమేర దగ్గర ఆగినాడు. కాబట్టి ఊరు విడిచేటప్పుడు గుండె బరువెక్కుట అజ్ఞానమని ఎవరైనను అంటే, మీరు ఈ ఘట్టమును చూపండి.

ఆ రాముడే మన గోదావరి తీరమునకు వచ్చినాడు. మన రామగుండము పేరు కూడ స్వామి నడయాడిన గుర్తేనని ఇక్కడి వారి విశ్వాసము. పంచవటిలో లక్ష్మణస్వామి పర్ణశాల కట్టినాడు. అది ఆకుల గుడిసె, ఎన్నడో ఒకనాడు విడిచిపోవలసినదే. అయినను ఆయన గోదావరిలో స్నానము చేసి, పద్మములు తెచ్చి, పుష్పబలి ఇచ్చి, శాంతి జరిపి, అప్పుడు అన్నగారికి ఆ ఇల్లు చూపినాడు. రాముడు ఆనందము పట్టలేక తమ్ముని కౌగిలించుకొన్నాడు. తాత్కాలికమైన ఇల్లు గదా, గృహప్రవేశము ఎందుకు అని వారు అనుకొనలేదు. సీతమ్మను రావణుడు ఎత్తుకొనిపోవునప్పుడు ఆ తల్లి ఎవరిని పిలిచినది? జనస్థానపు చెట్లకు, గోదావరి నదికి నమస్కరించి, రామునికి తెలియజేయమని వేడుకొన్నది. మిథిలలో పెరిగిన బిడ్డ, అయోధ్య కోడలు. ఆపద వేళకు ఆమెకు దగ్గరి బంధువులు కొంతకాలము ఉన్న ఆ చోటి చెట్లు, ఏరు.

ఇక యుద్ధకాండ చివర పుష్పకవిమానము. రాముడు దారి పొడవునా ఒక్కొక్క చోటును సీతమ్మకు చూపుచు వచ్చినాడు. చివరకు అయోధ్య కనబడగానే, అదిగో మా తండ్రిగారి రాజధాని, నమస్కరించు అన్నాడు. అప్పటికి దశరథ మహారాజు లేడు. రాజు తానే. నా నగరము అనవచ్చును, మన రాజ్యము అనవచ్చును. “మా నాయనగారి ఊరు” అన్నాడు. పదునాలుగు సంవత్సరముల తరువాత ఆయన నోట వచ్చినది మనము వాడే ఇంటి మాటయే. ఇంకొక ముచ్చట కూడ ఉన్నది. విమానములోని వానరులు, విభీషణుడు ఆ పట్టణమును చూచుటకు లేచి లేచి తొంగిచూసినారట. ఇతరుల ఊరిని వారి సంతోషము కొరకు అట్లు లేచి చూచుట గొప్ప సంస్కారము. “మీదే ఊరు?” అని అడుగువారిలో రెండు రకములు ఉన్నారు. ఈ వానరుల వలె అడుగువారు కొందరు, తూకము వేయుటకు అడుగువారు కొందరు. మాటలు ఒకటే. విన్నవానికి తేడా తెలియును.

పెద్దాయన పక్కన మౌనముగా నిలుచున్న ఆ తల్లి విషయము చెప్పవలసి ఉన్నది. పురుషునికి నేడు వచ్చిన ఈ చిక్కు ఆడబిడ్డకు పెండ్లినాడే వచ్చినది. పుట్టినిల్లు ఒకటి, మెట్టినిల్లు ఒకటి. ఈ రెంటిలో నీ అసలు ఊరు ఏదో తేల్చి చెప్పమని ఆమెను ఎవ్వరూ నిలదీయలేదు. బతుకమ్మకు తల్లిగారింటికి పోతుంది, తొమ్మిది రోజులు ఆడుతుంది, వచ్చి అత్తగారింట పొయ్యి వెలిగిస్తుంది. ఎక్కడ ఉంటే రెండవదానిని తలుచుకొంటుంది. అది ద్రోహము కాదని అందరికీ తెలుసును. ఊరు విడిచి బాయి పనికి వచ్చిన ప్రతి పురుషుడు కోడలి వంటివాడే. పుట్టిన పల్లె అతనికి తల్లిగారిల్లు, ఖని మెట్టినిల్లు. ఇన్నాళ్ళు ఆడవారు మాట్లాడక మోసిన బరువును మగవారు ఇప్పుడు ఎత్తుకొని చూస్తున్నారు, అంతే భేదము.

అయితే తల్లిగారిల్లే లేకుండపోయిన వారి మాట ఏమి? ఉపరితల గనుల కొరకు ఖాళీ చేసిన పల్లెలు ఉన్నవి. ఎల్లంపల్లి శ్రీపాదసాగరము నీటిలో మునిగిన ఊళ్ళు ఉన్నవి. వారు “మా ఊరు” అంటే చూపుటకు నీరు ఉన్నది, మట్టి గుట్ట ఉన్నది, ఊరు లేదు. దేశము అంటే వేలు పెట్టి చూపగల చోటు అని మొదట చెప్పుకొన్నాము. చూపలేని చోటును ఎట్లు చెప్పుకొనవలెను?

దీనికి సమాధానము మన సంకల్పములో ఉన్నది. ఈ ప్రసంగము కాగానే జరుగు సామూహిక సత్యనారాయణ వ్రతములో మీరందరు సంకల్పము చెప్పుకొంటారు. అందులోని దేశభాగమును ఈసారి చెవి పెట్టి వినండి. జంబూద్వీపము, అందులో భరతవర్షము, అందులో భరతఖండము, మేరువునకు దక్షిణ భాగము, శ్రీశైలమునకు ఏ దిక్కున ఉన్నామో ఆ దిక్కు, నది ఏ ఒడ్డున ఉన్నామో ఆ ఒడ్డు, చివరకు మనము కూర్చున్న ఇల్లు. దుబాయి పోయిన బిడ్డ మాటలలో పల్లె పెరిగి పెరిగి దేశమైనది. సంకల్పములో లోకమంతయు తగ్గి తగ్గి మన వాకిటికి వస్తుంది. మెట్లు అవే, ఎక్కుట ఒకటి, దిగుట ఒకటి. ఎంత కచ్చితమో చూడండి: ఖనిలో కూర్చుంటే గోదావరికి దక్షిణ తీరము, వంతెన దాటి మంచిర్యాలలో కూర్చుంటే ఉత్తర తీరము. బంధువుల ఇంటికి పోయి వ్రతము చేసినను చెప్పవలసిన ఒడ్డు మారుతుంది. అమెరికాలోని కొన్ని ఆలయములలో మనవారు క్రౌంచద్వీపము, రమణకవర్షము, ఐంద్రఖండము అని చెప్పుకొంటున్నారు. అక్కడ కూర్చుని భరతఖండము అనరు.

ఇల్లు దగ్గరకు వచ్చేసరికి సొంత ఇంటివారు “స్వగృహే” అంటారు. అద్దెకు ఉన్నవారు, క్వార్టరులో ఉన్నవారు “వసతి గృహే” అంటారు. పూర్వులు అద్దె ఇంటివానికి కూడ సంకల్పములో చోటు పెట్టినారు. ఆ తరువాత గోత్రము, పేరు. అంతటితో మనిషి పరిచయము పూర్తి అయినది. ఎక్కడ ఉన్నావు అని అడిగినారు, ఎవరి సంతతి అని అడిగినారు. “నీ అసలు ఊరు ఏది?” అన్న ప్రశ్న సంకల్పములో ఎక్కడను లేదు. తిరిగి పోవు తలంపు మానుకొన్నావా అని అంతకన్నను లేదు. కేంద్రప్రభుత్వ ఉద్యోగి సెలవు ప్రయాణపు రాయితీ కొరకు సొంత ఊరు వ్రాసి ఇస్తే, దానిని ఉద్యోగకాలములో ఒక్కసారి మాత్రమే మార్చుకొనవచ్చును. భగవంతుని ఎదుట దినదినము మార్చుకొనవచ్చును. ఆయనకు కావలసినది మనము నిలుచున్న చోటు.

పితృకార్యములోను ఇంతే. 2015 పుష్కరములలో గోదావరి రేవులలో మీలో ఎందరో పిండప్రదానము చేసినారు. పితరులను గోత్రముతో, పేరుతో పిలిచినారు. వారి ఊరు చెప్పలేదు. ఊరు మునిగినదని పితృదేవతలు దారి తప్పరు. పేరు తెలిస్తే చాలును, ఏ రేవులోనైనను వచ్చి అందుకొంటారు. తల్లిదండ్రులు, తాతలు అయిన తరువాత బంధువులకు, గురువునకు, స్నేహితునికి కూడ తిలోదకము వదలు విధి ఉన్నదని మరువవద్దు. బాయిలో మీ పక్కన పనిచేసి, పైకప్పు కూలి పైకి రాని స్నేహితుడు ఉంటే, అతని పేరు కూడ చెప్పుకొనండి. అతడు ఏ జిల్లావాడో, ఏ కులమువాడో ఆ నీటికి పట్టదు.

ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికులు నేడు 40 వేల ప్రాంతమునకు వచ్చినారు. మీ పిల్లలలో ఎక్కువమంది ఇక్కడ ఉండరు. హైదరాబాదులోనో, సముద్రముల ఆవలనో ఎవరో “మీదే ఊరు?” అని అడిగితే, తాతగారి పల్లె పేరు వారికి నోటికి రాకపోవచ్చును. “మాది గోదావరిఖని” అంటారు. తల్లిదండ్రులు దానికి చిన్నబుచ్చుకొనవద్దని మనవి. ఆ పల్లె దేవత పేరు, అక్కడి చెరువు పేరు మాత్రము చెప్పి పంపండి. తండ్రిగారి ఊరిని చూపించిన రాముని మర్యాద అది.

ఆ పెద్దాయనకు మేము చెప్పినది ఇదియే. క్వార్టరు విడిచే ముందు దీపము పెట్టి, ఆ ఇంటికి, తులసికోటకు ఇద్దరును నమస్కరించి, సెలవు తీసుకొని రండి అన్నాము. తరువాత పోయేది పల్లెకైతే అక్కడి ఏరు పేరు, ఖనిలోనే గది చూసుకొంటే గోదావరి పేరు. అప్పుడు ఆ తల్లి నోరు విప్పి, “తులసమ్మను కుండీల తీస్కపోవచ్చునా?” అని అడిగినది. తప్పక తీసుకొని పోవచ్చును, వేరులతోపాటు పిడికెడు ఇక్కడి మన్ను కూడ ఉండనివ్వండి అన్నాము.

ఇక పీటల మీద ఉన్న దంపతులు ఆచమనమునకు నీళ్ళు సిద్ధము చేసుకొనండి. మనము శ్రీశైలమునకు ఉత్తరముగా, కొంచెము ఈశాన్యమునకు ఒరిగి ఉన్నాము, గోదావరికి దక్షిణ తీరమున ఉన్నాము. క్వార్టరులవారు ఇంటివద్ద చేసుకొనునప్పుడు “వసతి గృహే” అనుకొనండి. ఇక్కడ అందరమును దేవుని సన్నిధిలోనే కూర్చున్నాము. గోత్రము తెలియనివారు కాశ్యప గోత్రమని చెప్పుకొనే ఆచారము ఉన్నది, సంకోచించవద్దు. రెండవ షిఫ్టుకు పోవలసినవారు ముందు వరుసలోనికి రండి, వారికి తీర్థప్రసాదములు మొదట ఇస్తారు.